ఇసుక తిన్న ఇనుము

చాలా ఏళ్లుగా ఒక ఇనుప ముక్కను దాచుకుని బతుకుతున్నాను. అరచేతి కంటే పెద్దది కాదు. కానీ దాని బరువుకు నలుగురిలో కూర్చోవడమే నాకు చేతకాకుండా పోయింది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది గోదావరి పక్కన బొగ్గు బావుల ఊరు. కంపెనీ క్వార్టర్ల వెనక నాకో వెల్డింగ్ షాపు ఉంది. తుక్కు ఇనుముతో మోటార్ సైకిళ్లకు ఎవరికి కావలసినట్టు వాళ్లకు సీట్లు చేసేవాణ్ని. నా చేతిపని చూసి పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చేవాళ్లు. ఆ పొగడ్త నా తలకెక్కింది.

దేవదానం మా చర్చివాడే. బావిలో ఉద్యోగం. నాకంటే చిన్నవాడు, అన్నా అంటూ వెంట తిరిగేవాడు. మా వైపు తల్లిని అవ్వ అంటాం. వాళ్లవ్వకు నడుము నిలవదు. వెనక ఆనుకునేందుకు ఏమైనా ఉంటే తప్ప బండి మీద కూర్చోలేదు. ఆదివారం ఆరాధన మాత్రం మానదు. ఆమె కోసం వెడల్పుగా, వెనక ఆసరాతో ఒక సీటు చెయ్యమని అడిగాడు.

తుక్కులో ఒక పైపు ముక్క దొరికింది. బొగ్గు తీసిన ఖాళీల్లోకి నీళ్లతో కలిపి ఇసుక పంపే పైపు అది. దాని వంపు అవ్వ వీపుకు కొలిచినట్టు సరిపోయింది. అయితే ఆ ఇసుక పోయి పోయి పైపును అడుగువైపు లోపలి నుంచి తినేస్తుంది. పైకి ఏమీ కనిపించదు. మా బాపు ఆ పైపుల దగ్గరే పనిచేశాడు. పానాతో కొట్టి, మోత విని, ఎటు పలచబడిందో చెప్పేవాడు. నాకూ నేర్పాడు. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

మందంగా ఉన్న వైపును కొలత తప్పి కోసి పాడు చేశాను. మిగిలింది అరిగిన వైపు. పానాతో కొట్టాను. డొల్లగా మోగింది. ఇంకో పైపు దొరికేదాకా ఆగమని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ కోత తప్పానని ఆ చిన్నవాడి ముందు ఒప్పుకోవడానికి నామోషీ. అవ్వ బరువెంతలే అనుకున్నాను. వెల్డింగ్ చేసి, ఫోమ్ పెట్టి, పైన ఎర్ర రెక్సిన్ కుట్టేశాను. అవ్వ దాన్ని నిమిరి చూసి, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. అప్పుడైనా నేనెందుకు నోరు తెరవలేదు?

కొన్ని ఆదివారాలు బాగానే గడిచాయి. ఒకసారి చర్చికి పోతుంటే రైల్వే గేటు దగ్గర గుంతలో బండి కుదిపింది. అవ్వ వెనక్కి పడింది. తుంటి ఎముక విరిగింది. కరీంనగర్‌లో ఆపరేషన్ చేయించారు గానీ ఆమె మళ్లీ లేచి నడవలేదు.

బండిని షాపుకు తెచ్చింది నేనే. రెక్సిన్ విప్పితే, ఆసరా సరిగ్గా అరిగిన చోటే చినిగి ఉంది. ఆ ముక్క కోసి దాచేశాను. సాయంత్రం ఆస్పత్రి నుంచి దేవదానం వచ్చాడు.

"అన్నా, ఒక్కటి చెప్పు. సీటు ముందుగాల ఇరిగిందా, అవ్వ పడ్డంక ఇరిగిందా?"

"పడ్డంకనే ఇరిగినట్టుంది తమ్మీ. గుంత కాడ జర మెల్లగ పోవాల్సింది."

అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. బండి తీసుకుపోలేదు. ఇప్పటికీ నా షాపు మూలనే ఉంది.

తర్వాత ఒక ఆదివారం అతను సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడ్డాడు. కన్నతల్లిని తన తొందరతో మంచాన పడేశానని, దేవుడు క్షమించాలని అందరి ముందు ఏడ్చాడు. చర్చి అంతా అతని కోసం ప్రార్థించింది. నేను కూడా కళ్లు మూసుకున్నాను. చెయ్యని తప్పును అతను ఒప్పుకుంటుంటే, చేసినవాణ్ని చివరి బెంచీలో కూర్చుని ఆమెన్ అన్నాను. అంతకంటే నీచమైన పని నా జన్మలో చెయ్యలేదు.

ఆ రోజు నుంచి నేను చర్చికి పోలేదు. సీట్లు చెయ్యడం మానేశాను. దేవదానం డ్యూటీకి నడిచి పోతాడు. షాపు ముందు నుంచే పోతూ చెయ్యి ఊపుతాడు. నేను వెల్డింగ్ అద్దాలు పెట్టుకుని చూడనట్టు ఉంటాను. నాకున్న ఒక్క స్నేహితుణ్ని అలా పోగొట్టుకున్నాను. మొన్నటి వానల్లో అవ్వ పోయింది. సమాధి దగ్గర కూడా అతను, "నన్ను మాఫ్ చెయ్యవ్వా" అనే అన్నాడు. నేను ఒక గుప్పెడు మన్ను వేసి వచ్చేశాను.

అతనికి ఎప్పటికైనా చెప్తానా? తెలియదు. ధైర్యం వస్తుందని మీకు మాట ఇవ్వను. కానీ ఆ రోజు నేను వాళ్ల వెనకే నా బండి మీద వస్తున్నాను. అంతా చూశాను. దేవదానం మెల్లగానే నడిపాడు. ముందు ఆసరా విరిగింది. తర్వాతే అవ్వ పడింది.