బురదాయన సన్న చక్రాలు

లిఫ్టులు బాగుచేసే ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. పనిచేసే చోట లిఫ్టాయన, కొండ దగ్గర బురదాయన. రెండో పేరే ఆయనకు ఇష్టం. వారమంతా చీకటి గొట్టాల్లో ఇనుప తాళ్ళ పక్కన పైకీ కిందికీ పోయే మనిషి, ఆదివారమైనా తన ఇష్టప్రకారం కిందికి దిగాలనుకోవడంలో తప్పులేదు. అందుకని కొండ సైకిలు కొన్నాడు. లావు టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు, బ్రేకు నొక్కితే గొర్రె అరిచినట్టు చప్పుడు.

కొండమీద ఆయన గురించి చాలా చెప్పుకుంటారు. ఒకసారి పెద్ద మలుపులో పడితే ఆయనకంటే ముందు ఆయన హెల్మెట్ ఇంటికి చేరిందట. ఆయన దీన్ని ఔననలేదు, కాదనలేదు. ఆ మలుపును మాత్రం అందరూ హెల్మెట్ మలుపనే అంటారు. కొండ జట్టుకు ఆయనే పెద్ద. ఎవరూ ఎన్నుకోలేదు. దిగేటప్పుడు ముందుండేవాడు పెద్ద, ముందుండేది ఎప్పుడూ ఆయనే.

జట్టుకున్నది ఒకటే నియమం, అదీ ఆయన పెట్టిందే. సన్న టైర్ల సైకిలున్నవాడు కొండెక్కకూడదు. రోడ్డు సైకిలు తొక్కేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట. చదును రోడ్డుమీద, బిగుతు నిక్కరేసుకుని, నడుం వంచుకుని గంటల తరబడి పోవడం కంటే ఇంట్లో కూర్చుని గోడ చూడటం నయమనేవాడు. కాళ్ళమీద వెంట్రుకలు గీయించుకునే మగాడితో టీ తాగడం తనవల్ల కాదని కూడా అన్నాడు.

ఈ నియమానికి బలైన మొదటి మనిషి, ఆఖరి మనిషి కూడా, సొంత బావమరిది. భార్యకు తమ్ముడు. కట్టుడుపళ్ళు తయారుచేస్తాడు. చిన్న గది, కిటికీ దగ్గర బల్ల, బల్లమీద మైనం ముద్దలు, వరసగా ఆరబెట్టిన గులాబీరంగు చిగుళ్ళు. కొండ సైకిళ్ళు తొక్కేవాళ్ళకు పళ్ళు చేసే మనిషి తోడుండటం ఎంత మేలో వేరే చెప్పక్కర్లేదు. జట్టులో సగంమంది నవ్వు అతని చేతిపనే. అతని ఎడమ మోచెయ్యి కొండమీదే విరిగి వంకరగా అతుక్కుంది. అప్పట్నుంచీ సైకిలెక్కితే ఆ మోచెయ్యి కప్పు పిడిలా బయటికి పొడుచుకొస్తుంది.

అలాంటివాడు ఒకనాడు తనే వచ్చి, రోడ్డు సైకిలు కొన్నానని చెప్పాడు. కొండనూ మాననన్నాడు. రెండూ బాగున్నాయన్నాడు. బురదాయన అందరి ముందూ, "అయితే తారుమీదే ఉండు. ఇటు రాకు" అన్నాడు.

బావమరిది హెల్మెట్ తగిలించుకుని వెళ్ళిపోయాడు. తరవాత నాలుగేళ్ళు అక్క ఇంటి గుమ్మం బావ ఉండగా తొక్కలేదు. అక్కను చూడాలనిపిస్తే బావ ఏ మేడమీద లిఫ్టు విప్పుకుని కూర్చున్నాడో కనుక్కుని వచ్చేవాడు. ఈలోగా జట్టులో ఇద్దరికి ముందుపళ్ళు ఊడాయి, ఊడినవి ఊడినట్టే ఉన్నాయి. నియమం కోసం ఆ మాత్రం ఓర్చుకోవాలని బురదాయన వాళ్ళకు నచ్చజెప్పాడు. సరేనన్నారు గాని, ఆ మాట వాళ్ళ నోట సరిగా పలకలేదు.

ఇంతటి మనిషి చెడిపోయింది ఒక లిఫ్టు దగ్గరే. అయిదో అంతస్తాయన ఇల్లు ఖాళీ చేస్తూ, సామాను దించుతుంటే లిఫ్టు ఆగిపోయింది. బురదాయన తలుపు తెరిచేసరికి లోపల ఒక రోడ్డు సైకిలుంది. దాన్ని వెంట తీసుకెళ్ళే వీల్లేదని, మీరే ఉంచుకోండని ఆయన అంటగట్టి పోయాడు. బురదాయన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు. దీనికి తాళం కాదు, ఎగిరిపోకుండా పైన ఏదైనా బరువు పెట్టాలనుకున్నాడు. పాత ఇనుము కొట్లో పడేద్దామని నిశ్చయించాడు. కొట్టు ఊరికి ఆ చివరుంది. నడిపించుకుపోవడం ఎందుకని ఎక్కి తొక్కాడు.

ఇనుము కొట్టు వెనక్కి వెళ్ళిపోవడం ఆయన చూడలేదు. ఊరు అయిపోవడం కూడా చూడలేదు. నీడ తన కిందికొచ్చాక గాని పొద్దు నడినెత్తికెక్కిందని తెలియలేదు. చక్రాల కింద రోడ్డు సన్నగా ఈల వేస్తోంది. తొక్కిన తొక్కుడంతా ముందుకే పోతోంది, ఒక్క చుక్కా బురదలోకి ఇంకడంలేదు. ఆయనకు చాలా కోపం వచ్చింది. ఇంత బాగుంటుందని ఎవరైనా చెప్పి ఉండాల్సింది. చెప్పినవాడొకడున్నాడు. వాణ్ణి తనే తరిమేశాడు.

సైకిల్ని అదే మేడమీద, లిఫ్టు మోటారుండే గదిలో దాచాడు. తాళంచెవి తన దగ్గర తప్ప ఎక్కడా లేదు. ఇక ప్రతి ఆదివారం ఇంట్లో కొండకని చెప్పి, జట్టుకు లిఫ్టు చెడిందని కబురు పంపేవాడు. ఊళ్ళో లిఫ్టులన్నీ ఆదివారమే చెడతాయేమిటని జట్టు విచారించింది. రోడ్డు తొక్కి వచ్చాక, కొండ సైకిలు మీద ఇల్లు చేరి, మెట్ల పక్కనున్న పూలకుండీలోంచి గుప్పెడు మట్టి తీసి పిక్కలకు రుద్దుకుని లోపలికెళ్ళేవాడు. ఎప్పుడెళ్ళినా కుండీ మట్టి చక్కగా తడిసి, పూసుకోవడానికి వీలుగా ఉండేది. అది తన అదృష్టమనుకున్నాడు.

ఊరి బయట కొత్తగా వేసిన రోడ్డు మీద ఒకనాడు, ముందు పోతున్న వీపొకటి కనిపించింది. ఎడమ మోచెయ్యి కప్పు పిడిలా బయటికుంది.

దాటిపోతే మొహం కనిపిస్తుంది. మొహం కనిపిస్తే నాలుగేళ్ళ కిందటి మాట వెనక్కి తీసుకోవాలి. ఆగిపోదామంటే కాళ్ళు ఒప్పుకోలేదు. అందుకని వెనకే ఉండిపోయాడు. రోడ్డు సైకిలువాళ్ళు అంతే, ముందువాడి వీపుకు దగ్గరగా పోతే ఎదురుగాలి వాడికే తగులుతుంది, వెనకవాడికి హాయి. ఆ ఆదివారం, ఆ తరవాత అన్ని ఆదివారాలూ ఆ వీపు చాటునే తొక్కాడు. గొయ్యి వస్తే ముందువాడు చెయ్యి కిందికి చాచి చూపేవాడు. అలవాటు కాబోలనుకున్నాడు. తను ఎగశ్వాస తీస్తున్న చోటల్లా ముందువాడు నెమ్మదించేవాడు. పాపం, వయసు మీద పడుతోందనుకున్నాడు. ఒక్కసారి పక్కకెళ్ళి, రోడ్డు ఎంత బాగుందిరా అనాలని ఆయన నాలుక దురదపెట్టేది. అనలేక మళ్ళీ కుండీ దగ్గరికి పోయేవాడు.

చివరికి ఆయన్ని పట్టిచ్చింది కొండే. ఆ వారం రోడ్డుకు అడ్డంగా ఎవరో పైపుల కోసం కాలవ తవ్వారు. ముందువాడు చెయ్యి చూపి, పక్కనుంచి తిరిగి పోయాడు. బురదాయనకు కాలవ కనపడగానే ఒళ్ళు తెలియలేదు. హ్యాండిలు లాగి, సైకిలుతో సహా ఎగిరాడు. గాల్లో ఉన్నంతసేపూ అంతా బాగానే ఉంది. దిగాక వెనక టైరు టపాసులా పేలింది.

ముందు వీపు మలుపు తిరిగి మాయమయింది. మారు ట్యూబు తీసి వేశాడు. సంచిలోంచి పంపు తీశాడు. అది కొండ సైకిలు పంపు. లావు వాల్వుకు పట్టే నోరు దానిది. సన్న ట్యూబు వాల్వు పెన్సిలు మొనలా ఉంటుంది. రెంటికీ పొసగలేదు. వేలు అడ్డం పెట్టాడు, రుమాలు చుట్టాడు, బతిమాలాడు. ఇక సైకిలు నడిపించుకుంటూ బయల్దేరాడు. రోడ్డు సైకిలు బూట్ల అడుగున పెడలుకు పట్టుకునే బిళ్ళలుంటాయి, అవి నడవడానికి పనికిరావు. బాతులా పోతూంటే, ఎదురుగా ఆ మోచెయ్యి తిరిగొస్తూ కనిపించింది. చేతిలో ఉన్న రుమాలు గబుక్కున మొహానికి కట్టుకున్నాడు.

బావమరిది దిగి, పంపును చూశాడు.

"కొండదా?"

బురదాయన తల ఊపాడు. గొంతు గుర్తుపడతాడని మాట్లాడలేదు.

"రుమాలు తియ్యి బావా. ఊపిరాడదు."

తీశాడు. దాంతోనే మొహం తుడుచుకున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసురా?"

"మొదటి వారం నుంచే. బ్రేకు వేసినప్పుడల్లా నీ నీడ సీటు వెనక్కి జారుతుంది. తారుమీద అలా జారేది కొండవాడే."

"మరి పలకరించలేదేం?"

"తారుమీద ఉండమన్నావు, ఉన్నాను. మాట్లాడమని నువ్వెప్పుడు అన్నావు?"

ఈ సంగతి మీ అక్కకు తెలియకుండా చూడమన్నాడు బురదాయన.

"కుండీలో నీళ్ళు పోస్తున్నదెవరనుకున్నావు?"

బావమరిది తన పంపు తీశాడు గాని, ఇవ్వలేదు. తనకు కొండ మీద బెంగగా ఉందన్నాడు. వచ్చే ఆదివారం కొండ దగ్గరికి సన్న సైకిలు మీదే వస్తానన్నాడు.

"నువ్వూ దీనిమీదే రావాలి. అందరూ చూడాలి."

బురదాయన చేతిలో ఉన్న పంపును చూసుకున్నాడు. అది ఎంత చూసినా కొండ పంపే.

"సరే, గాలి కొట్టు" అన్నాడు.

టైరు రాయిలా గట్టిపడ్డాక బావమరిది సైకిలెక్కలేదు. "ఇన్నాళ్ళూ నీకు గాలి అడ్డం పెట్టింది నేను. ఇప్పుడు నువ్వు ముందుండు" అన్నాడు. ఎదురుగాలి అంత బరువుంటుందని బురదాయనకు ఆ రోజే తెలిసింది. ఒకచోట గొయ్యి వచ్చింది. తనకు తెలియకుండానే చెయ్యి కిందికి చాచి చూపాడు.

వారమంతా లిఫ్టు గొట్టాల్లో ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాడు. చాలా గొప్పగా వచ్చింది, ప్రతిధ్వని కూడా కలిసింది. ఆదివారం ఇద్దరూ సన్న చక్రాల మీద కొండ కిందికి వచ్చేసరికి, జట్టంతా తాగుతున్న టీ ఆపింది. ఉపన్యాసం ఒక్క ముక్కా గుర్తురాలేదు.

"నియమం తప్పు. వీణ్ణి తరిమింది ఇంకా తప్పు" అన్నాడు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి ముందుపళ్ళు ఊడిన ఇద్దరిలో ఒకడు, ఫోటోగ్రాఫరు, వచ్చి రోడ్డు సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు. వాల్వు మీద ఆ చిన్న మూత దండగన్నాడు. తారుమీద ఎత్తెక్కేటప్పుడు గాలి కొంచెం ఎక్కువుండాలని కూడా చెప్పబోయి, అందరూ తనవైపే చూస్తున్నారని గమనించి నోరు మూసుకున్నాడు. ఎంత ఎండలోనూ ఆయన పొడుగు ప్యాంటు ఎందుకు మానడో అప్పుడర్థమైంది, కాళ్ళు గీయించుకున్నాడు. బావమరిది ఆయన్ని టీ కొట్టు బల్లమీద కూర్చోబెట్టి, నోరు తెరవమన్నాడు.

ముందురోజే టీ కొట్టు వెనక పెట్టిన కొండ సైకిళ్ళు తీసుకుని అందరూ పైకెక్కారు. దిగేముందు అలవాటుగా బురదాయనకు దారి ఇచ్చారు. ఆయన పక్కకు తప్పుకుని, బావమరిదిని ముందు పొమ్మన్నాడు. హెల్మెట్ మలుపు దాకా ఆ మోచెయ్యి వెనకే దిగాడు.

సాయంత్రం బావాబామ్మర్దులు వీధి గుమ్మంలోంచే వచ్చారు. మోకాళ్ళ దాకా అసలైన బురద. ఆవిడ తలుపుకడ్డంగా నిలబడి తమ్ముణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. తరవాత భర్తను చూసింది. కుండీలో మట్టి సగానికి దిగిపోయి, మొక్క వేళ్ళమీద నిలబడి ఉంది.

"లోపలికి తరవాత వద్దురుగాని. ముందు ఆ కాళ్ళది గీకి కుండీలో వెయ్యండి" అంది.