ఇసుక మూటల మేడం

ఆ వీధిలో టైర్ల కొట్టు ఎక్కడని ఎవరిని అడిగినా, "ఇసుక మూటల మేడం వాళ్ల కొట్టా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. కొట్టేమో అన్నగారిది, పేరేమో చెల్లెలిది. అన్నకు ఈ విషయంలో కాస్త ఉడుకు ఉన్న మాట నిజమే గానీ, కొట్టు వెనక షెడ్డు చెల్లెలికి ఊరికే వదిలిపెట్టిందీ ఆయనే. ఆ షెడ్డులో మేడం పొద్దున్నే ఆడపిల్లల చేత ఇసుక మూటలు మోయిస్తుంది, పాత లారీ టైర్ల మీదికి ఎక్కి దిగమంటుంది, స్తంభానికి కట్టిన సైకిల్ ట్యూబులు లాగిస్తుంది. అందరూ సాఫ్ట్‌బాల్ పిచర్లే, అంటే బంతి విసిరే పిల్లలు. కొత్తగా పిల్లను తీసుకొచ్చిన ప్రతి తల్లీ అడిగేది ఒకటే: "బంతి ఎప్పుడు వేయిస్తారండీ?"

"ముందు సరిగ్గా కూర్చుని లేవడం రానివ్వండి," అంటుంది మేడం.

ఆ మాటకే సగం మంది మొహం ముడుచుకుని వెళ్లిపోతారు. పోతే పోనీ అనుకునే రకం ఆవిడ.

మరేం చేస్తుంది చెప్పండి! సాఫ్ట్‌బాల్‌లో బంతిని చేయెత్తి విసరరు. చేతిని గుండ్రంగా ఒక చుట్టు తిప్పి, తొడ పక్కనుంచి వదులుతారు. చూసేవాళ్లకు కనిపించేది చెయ్యే కాబట్టి బలమంతా అందులోనే ఉందనుకుంటారు. పిల్లలూ అలాగే అనుకుని, ఇంట్లో దొరికిన బరువల్లా ఎత్తి కుడిచేతిని ఒక్కదాన్నే పెంచుకుంటూ పోతారు. ఇంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు. బలం కాళ్లది, నడుముది. చేయి చివర్లో అందించేది మాత్రమే. ఇక భుజం వెనక ఒక కండ ఉంది చూశారూ, బంతి వదిలాక ఆ ఊపును ఆపేది అదే. పాపం దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. ఆ సైకిల్ ట్యూబులు దానికోసమే.

మేడంకు ఇదంతా పుస్తకాలు చదివితే వచ్చింది కాదు. ఆవిడ కుడిచేయి భుజం దాటి పైకి లేవదు. జడ వేసుకోవాలంటే వదిన రావాలి, పై అరలో డబ్బా అందుకోవాలంటే ఎడమచెయ్యే గతి. చిన్నప్పుడు ఆవిడా పిచరే, అదీ మామూలు పిచర్ కాదు. ఒక సెలక్షన్ ముందు చీకటిపడేదాకా వాకిట్లో బంతులు వేసి వేసి భుజం పోగొట్టుకుంది. సెలక్షన్‌కు వెళ్లనేలేదు.

ఇప్పుడు అన్న కూతురు ఆ వయసుకొచ్చింది. పిల్లను అందరూ కందిరీగ అంటారు. కాలు ఒకచోట నిలవదు, నోరు అసలే నిలవదు, బంతి వదిలిందంటే అది గ్లవ్‌లో పడిన చప్పుడు వీధి చివరకు వినపడాల్సిందే. సెలక్షన్ నెలలోకి వచ్చేసింది. అలాంటి సమయంలో ఒక పొద్దున ట్యూబు లాగుతూ లాగుతూ పిల్ల భుజం పట్టుకుంది. అత్త చూడలేదనుకుని వెంటనే చేయి తీసేసింది. అత్త చూసింది. అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరు నొక్కి చూసి, ఇంకా ఏమీ తెగలేదనీ, బంతి ఆపి కండలు గట్టిపడేలా చూడమనీ చెప్పాడు. మేడం ఇంటికి రాగానే చెప్పేసింది: "బంతి ముట్టుకోవద్దు. మూటలు, టైర్లు, ట్యూబు, అంతే. ఆఖరి వారం నేను దగ్గరుండి కొద్దికొద్దిగా వేయిస్తాను."

కందిరీగ ఒంటికాలి మీద లేచింది. "అందరూ రోజూ బంతులు వేసుకుంటుంటే నేను మూటలు మొయ్యాలా అత్తా? సెలక్షన్ హమాలీలకా?"

"ఏమే, మరీ చోద్యం కాకపోతే, బంతి వెయ్యకుండా బంతి ఎలా వస్తుంది?" అని అన్న అందుకున్నాడు.

"అన్నయ్యా, భుజం దానిది, నోరు నీది. నోరు కాసేపు ఊరుకుంటే భుజం బాగుపడుతుంది."

వదిన పక్కకు తిరిగి నవ్వుకుంది. ఆ నవ్వుతో గొడవ సద్దుమణిగిందనే మేడం అనుకుంది.

అన్న టైరు అరుగుదల చూసి బండి ఎలా నడుస్తోందో చెప్పేస్తాడు. మేడం బూట్లు చూసి పిల్ల ఎలా వేస్తోందో చెప్పేస్తుంది. బంతి వదిలేటప్పుడు వెనక కాలు నేలమీద ఈడ్చుకుంటూ వస్తుంది. కాలితో తోసి సరిగ్గా వేసే పిల్లకు బూటు ముందు భాగం బొటనవేలి దగ్గర అరుగుతుంది. అందుకే రోజూ షెడ్డు గుమ్మంలో విప్పిన బూట్లను ఆవిడ ఓసారి తిరగేసి చూస్తుంది. ఒక పొద్దున కందిరీగవి తిరగేసింది. బంతి మానిపించాక కొన్న కొత్త బూట్లు అవి. అరగడానికి వీల్లేదు. అరిగాయి. అదీ చిటికెనవేలి పక్క. ఆ పూట అన్న కొట్లో ఎడమ అరచేతికి తడిగుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు.

ఆవిడ బూటు తీసుకెళ్లి బల్లమీద పెట్టింది. "అన్నయ్యా, ఈ టైరు చూసి బండి సంగతి చెప్పు."

అలవాటైన చెయ్యి కదా, ఆయన తిప్పి చూసి బొటనవేలితో తడిమాడు. "బరువంతా బయటి పక్కకి పడుతోంది. అలైన్‌మెంట్ పోయింది. ఇలాగే నడిపితే..." అని ఆగిపోయాడు.

"నడిపితే?"

ఆయన బూటు బల్లమీద పెట్టేశాడు. తడిగుడ్డ చెయ్యి బల్ల కిందికి పోయింది.

గుమ్మంలోంచి కందిరీగ మాట్లాడింది. ఈసారి గొంతులో పొగరు లేదు. "నాన్ననేం అనకు అత్తా. వేగం తగ్గిపోతుందేమోనని నేనే రమ్మన్నాను. నొప్పిగానే ఉంది. కానీ నాన్న పట్టుకుంటూ ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటుంటే ఆపబుద్ధి కాలేదు."

ఇంకొక్కటి! భుజం పోయిన ఆ రోజు వాకిట్లో మేడం బంతులు పట్టిందీ ఈ అన్నే, ఇంకొక్కటి ఇంకొక్కటి అన్నదీ ఈ నోరే. ఇన్నేళ్లలో ఆవిడ ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తి చూపలేదు. ఇవాళ నాలుక చివరిదాకా వచ్చింది. తలెత్తి అన్న మొహం చూసింది. ఆయన మొహం పాలిపోయి ఉంది. చెప్పనక్కర్లేదు, ఆయనకీ గుర్తొచ్చింది.

"రేపట్నించి ట్యూబు స్తంభానికి కట్టను," అంది మేడం. "నువ్వు పట్టుకో. అది లాగితే నీకూ తెలుస్తుంది, దాని భుజంలో ఎంతుందో, ఎంత లేదో."

మర్నాటి నుంచీ ఆయన పట్టుకున్నాడు. గొణుక్కుంటూ, ఆవులిస్తూ, పొట్ట సర్దుకుంటూ పట్టుకున్నాడు గానీ ఒక్కపూట మానలేదు. రోజులు గడిచేకొద్దీ కూతురు లాగుతుంటే ఆయనే ముందుకు తూలిపోవడం మొదలైంది. పిల్లలంతా పడీపడీ నవ్వేవాళ్లు. ఆఖరి వారం కందిరీగ మళ్లీ బంతి పట్టినప్పుడు బూటు బొటనవేలి దగ్గరే అరిగింది.

సెలక్షన్ రోజు ఇంటివాళ్లను గ్రౌండు చుట్టూ కట్టిన తాడు బయటే నిలబెట్టారు. ఎన్ని బంతులు వెయ్యాలో అత్త ముందే చెప్పి పంపింది. కందిరీగ వేసింది చూడండీ! ఎదురుగా బంతి పట్టే క్యాచర్ పిల్ల ప్రతిసారీ చెయ్యి విదిలించుకుంది. చెప్పినన్నీ అయిపోయాయి. అంతలో సెలక్టరు దూరంగా ఉన్న తన పైఅధికారికి చెయ్యి ఊపుతూ, "భలే వేశావమ్మా! ఇంకొక్కటి వెయ్యి, పెద్దసారు చూస్తారు," అన్నాడు.

మేడం చెయ్యి తాడుమీద బిగుసుకుంది. వెయ్యవే, ఒక్కటేగా, ఒక్కటితో ఏమైపోతుంది అని ఆవిడ మనసే అంది. ఆ క్షణంలో ఆవిడకు తనమీద తనకే అసహ్యం వేసింది. కందిరీగ చేతిలో బంతి తిప్పుతూ తాడువైపు చూసింది.

"చాలు!"

గ్రౌండంతా తిరిగి చూసింది. అరిచింది అన్న. "చాలమ్మా! వచ్చెయ్!"

కందిరీగ బంతిని సెలక్టరు చేతిలో పెట్టింది. "అయిపోయాయి సార్. మళ్లీ రేపు రమ్మంటే వస్తాను," అంది. సెలక్టరు మొహం చిట్లించాడు. పెద్దసారు దూరంనుంచి నడుచుకుంటూ వచ్చేసరికి చూడటానికి ఏమీ మిగల్లేదు.

సాయంత్రం పేర్లు చదివారు. కందిరీగ పేరు చిట్టచివర వచ్చింది, అదనపు పిచర్‌గా. మొదటి పేరు కావలసింది, ఆ ఒక్క బంతి వేసుంటే అయ్యేదేమో కూడా. పిల్ల మాత్రం కుడిచెయ్యి పైకెత్తి, ఎగిరి, గుండ్రంగా తిప్పి కేకేసింది. చెయ్యి ఎక్కడా పట్టెయ్యలేదు. మేడం ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"ఆ రోజు కూడా ఇలాగే చాలు అనాల్సింది," అన్నాడు అన్న, ఆవిడ వైపు చూడకుండా. "చిన్నవాణ్ణి, తెలియలేదే."

అంతమందిలో మేడంకు ఏడుపొచ్చేసింది. ఎడమచేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఇవాళ నాకు అనాలనిపించలేదు అన్నయ్యా," అంది. "నువ్వే అన్నావు. రేపు పొద్దున్నే వచ్చెయ్, ట్యూబు పట్టుకోవాలి."