తాతగారి ఉప ఎన్నిక

గెలిచినవారి మీదా ఓడినవారి మీదా ఒకేలా సూర్యుణ్ని ఉదయింపజేసే దేవునికి స్తోత్రం.

కెనడాలోని కనాటా ఊళ్లో మా తెలుగు సంఘానికి పెద్ద ఒకాయన ఉండేవారు. రిటైరైన టెలికాం ఇంజనీరు. ఆరాధన అయ్యాక ఎవరు కనబడినా రెండు చేతులూ పట్టుకుని, "మీ ఓటు మా తాతగారికే కదా?" అనేవారు. ఆ తాతగారు తెల్లదొరల కాలంలో చట్టసభకు జరిగిన ఉప ఎన్నికలో నిలబడి ఏడు ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ గాయం మనవడికి ఇంకా మానలేదు.

గుండె ఆపరేషన్‌కు ముందురోజు ఆదివారం. ఆయన పాస్టరుగారిని బతిమాలారు. "రేపు నేను ప్రభువు దగ్గరికి వెళ్తే, మీరు గెలిచారని తాతగారికి చెప్పాలి అయ్యగారూ. ఎలక్షన్ మళ్లీ పెట్టించండి."

ఆ రోజుల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు పెట్టె ఉండేదట. చర్చి బేస్‌మెంట్‌లో తాతగారికి పసుపు డబ్బా, ప్రత్యర్థికి ఎర్ర డబ్బా పెట్టాం. పెద్దాయన మీద ప్రేమతో అందరం పసుపు డబ్బాలోనే వేశాం. తీరా చూస్తే ఎర్ర డబ్బాలో ఒక చీటీ ఉంది.

"ఎవరండీ ఇది వేసింది?" అని పాస్టరుగారు గద్దించారు.

"నేనే," అన్నారు పెద్దాయన.

"అదేంటి అంకుల్! మీ కోసమే కదా మేమింత చేసింది!" అన్నాను.

"ఆ ప్రత్యర్థీ విశ్వాసే కదమ్మా, పరలోకంలో ఎదురుపడతారు. మీకు ఒక్క ఓటూ రాలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

మరునాడు ఆపరేషన్ టేబుల్ మీది నుంచే ఆయన ఆ రెండు వార్తలూ తీసుకుని వెళ్లిపోయారు. ప్రియులారా, మనకు పోటీగా నిలబడినవారికి కూడా చెప్పదగ్గ మంచి మాట ఒకటి మన దగ్గర ఉండాలని నాతో కలిసి ప్రార్థించండి.