అక్కకు అక్షరాలు నేర్పిన అమ్మమ్మ

ఎప్పుడో చనిపోయిన ఒక ముసలావిడ మీద, అందులోనూ నేనెన్నడూ చూడని ముసలావిడ మీద, అసూయతో కొన్నాళ్ళు నాకు అన్నం సయించలేదు. చెబితే నవ్వుతారు. అప్పుడు నాకు మాత్రం నవ్వు రాలేదు.

మేము బూన్ లేలో ఉండేవాళ్ళం. కంప్యూటర్ ఉద్యోగాల పుణ్యమా అని వారానికో తెలుగు కుటుంబం సింగపూర్‌లో దిగుతున్న రోజులవి. మా ఆయన పొద్దున్నే రాఫెల్స్ ప్లేస్‌కి రైలెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇంటికి చేరేవాడు. నాకు అక్కడ ఉద్యోగం చేసే పర్మిట్ లేదు. తెలుగులో ఎమ్మే చదివి, పదకొండో అంతస్తులో వెదురుగడలకి బట్టలారేస్తూ కూర్చున్నాను. అలాంటప్పుడు లిఫ్టులో పరిచయమైంది పక్క ఫ్లాట్ అక్క.

అక్క మలేషియాలో పుట్టిన తెలుగావిడ. నాకంటే బాగా పెద్దది. పెళ్ళయ్యాక ఇటు వచ్చి, జురాంగ్‌లో కంప్యూటర్ డిస్కులు తయారుచేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ అయింది. మార్కెట్లో ఏ చేప ఏ రోజు కొనాలో, తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఎలా చోప్ చెయ్యాలో, అంటే సీటు మనదని ఆపుకోవాలో, నాకు నేర్పింది ఆవిడే. తెలుగు గలగలా మాట్లాడేది, మధ్యమధ్య అక్కడివాళ్ళ అలవాటు చొప్పున మాట చివర "లా" తగిలిస్తూ. చదవమంటే ఒక్క అక్షరం రాదు. వాళ్ళు పెరిగిన రబ్బరు ఎస్టేట్‌లో తమిళ బడి ఒక్కటే ఉండేదట. ఇంట్లో అమ్మమ్మతో సహా ఎవరికీ తెలుగు రాత తెలియదని తనే చెప్పింది.

ఆ అక్షరాలు నేర్పింది నేను. ఆదివారం మధ్యాహ్నాలు, మా వంటింటి బల్ల దగ్గర. లైను కింద వేలు పెట్టుకుని చదివేది. ప్రతి లైను చివరా ఆగి నా మొహంలోకి చూసేది. నేను "ఊఁ" అంటే తప్పులేదు, ముందుకు వెళ్ళమని. ఆవకాయ సీసా మీద అంటించిన కాగితం మొత్తం తనంతట తానే చదివిన రోజు నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు నా సొంతం అనుకున్నాను. అసలు అక్కే నా సొంతం అనుకున్నాను.

అంతలో ఎన్నికలొచ్చాయి. తెలుగువాళ్ళ సంఘం కమిటీలో ఆడవాళ్ళకి ఒక సీటుండేది, దానికి ఓట్లేసేదీ ఆడవాళ్ళే. దానికి అసలు ఎన్నిక కంటే ముందు మరో ఎన్నిక. ఊరికి తూర్పు వైపు ఉండేవాళ్ళు ఒకరిని, పడమటి వైపు వాళ్ళం ఒకరిని ఎంచుకుని పోటీకి పంపాలి. మా వైపు నుంచి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు అక్క. రెండో ఆవిడ హైదరాబాదీ ముస్లిం, ఏదో బ్యాంకులో కంప్యూటర్ విభాగానికి మేనేజరు. నాకు పని చేసే హక్కే లేని దేశంలో ఆవిడ కింద ఒక గుంపు పనిచేస్తోందని మా ఆయన చెప్పినప్పుడు నోట్లో పెరుగన్నం చేదెక్కింది. కాబట్టి నా ఓటు ఎవరికో ఆలోచించాల్సిన పనే లేదు.

పత్రిక వచ్చేదాకా అంతే. సంఘం వాళ్ళు నాలుగు పేజీల పత్రిక ఒకటి వేసి, సెరంగూన్ రోడ్డు కిరాణా కొట్లో బియ్యం బస్తాల పక్కన పెట్టేవారు. ఎన్నికల సంచికలో హైదరాబాదీ ఆవిడ ఫోటో పైన "ఇంట్లో ఉర్దూ, సంఘంలో తెలుగు?" అని హెడ్డింగు. ఆ ప్రశ్న గుర్తు దేనికో లోపల ఎంత వెతికినా కనిపించదు. అనాల్సింది అనేసి, నిలదీస్తే మేమేమన్నాం, అడిగామంతే అని తప్పుకోవడానికి అదొక సౌకర్యం. ఈ పోటీ మీద సంఘంలో తిరిగేవి, మా ఆయన ఆఫీసు ప్రింటర్ మీద తీసి తెచ్చే ఈమెయిళ్ళు సరేసరి. ఆడవాళ్ళ ఓటు మీద కొట్టుకుచచ్చేదంతా ఓటు లేని మగవాళ్ళే.

పక్క పేజీలో అక్క. నా పచ్చ చీర కట్టుకుని ఫోటో దిగింది. కింద అక్క మాటలు: "మా అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను."

ఒళ్ళు భగ్గుమంది. మొదట పత్రికనే తిట్టుకున్నాను. లేని ప్రశ్నని పుట్టించినవాళ్ళకి లేని చదువుని పుట్టించడం ఎంతసేపు? అక్క వచ్చి, చూశావా ఏం రాశారో అంటుందని ఎదురుచూశాను. రాలేదు. ఆదివారాలు ఇంటింటికీ తిరుగుతోంది. మా వంటింటి బల్ల ఖాళీగా ఉంటే, అక్క మాత్రం అందరి వంటిళ్ళలోనూ ఉంది. "నీ చారు లాంటి చారు ఎక్కడా తాగనేదు" అని నాతో అన్న మాటే పైఅంతస్తు ఆవిడతోనూ అందని తెలిసింది. ఆ చారు నేను తాగాను. వేడినీళ్ళు నయం.

చివరికి మార్కెట్లో చేపల కొట్టు దగ్గర దొరికింది. కొత్తగా వచ్చిన ముగ్గురు ఆడవాళ్ళతో నవ్వుతూ, వాళ్ళలో ఒకామె భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. అచ్చం నా భుజం మీద వేసినట్టే. 

"పత్రికవాళ్ళు మీ అమ్మమ్మకి చదువు చెప్పించేశారే, చూశావా అక్కా?" అన్నాను.

అక్క నవ్వు ఆపి, చేపల సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని నన్ను పక్కకి తీసుకెళ్ళింది.

"ఆల్లు రాయనేదు సెల్లీ. నానే సెప్పినాను."

"ఎందుకూ?"

"నలబై దాటినాక పక్కింటి పిల్ల అ ఆలు దిద్దించిందంటే ఓటేత్తారేటి? నవ్వుతారు లా. నువ్వేటి పరాయిదానివా, ఏటీ అనుకోవులే అనుకున్నాను."

"నేనేమనుకుంటాను," అన్నాను. ఇంటికొచ్చి చారు గిన్నె ఠంగుమనిపించాను. పరాయిదాన్ని కాదట. అందుకని నా పనంతా తీసుకెళ్ళి ఎస్టేట్‌లో రబ్బరు పాలు గీసి బతికిన ఆ పెద్దావిడ ఖాతాలో వేసిందట. ఆవిడ మీద నాకు కోపమేమీ ఉండకూడదు. ఉంది. పైగా నాలోని ఓటరు కూడా లేచి కూర్చుంది. నా గురించే అబద్ధమాడిన మనిషి, గెలిచాక అందరి గురించీ నిజమే చెబుతుందా?

ఎన్నిక మా బ్లాకు దగ్గర కమ్యూనిటీ హాల్లో. ఆడవాళ్ళు అప్పటికే కుర్చీల మీద టిష్యూ ప్యాకెట్లు, పిల్లల వాటర్ బాటిళ్ళు పెట్టి చోప్ చేసేశారు. నాకు వెనక వరస మిగిలింది. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉండేది. నిలబడినవాళ్ళు అప్పటికప్పుడు ఇచ్చిన ఒక తెలుగు పేజీ మైకులో చదివి వినిపించాలి, ఆ తర్వాతే చేతులెత్తడం. ఆ రోజు పాత వారపత్రికలోంచి చించిన పేజీలిచ్చారు.

హైదరాబాదీ ఆవిడ నిలబడి, ఎక్కడా తడబడకుండా చదివేసింది. ఇంత తెలుగు వచ్చినావిడకా ప్రశ్న గుర్తు పెట్టారు అనిపించి, అలా అనిపించినందుకు ఇంకా కుళ్ళుకున్నాను.

తర్వాత అక్క. పేజీని బల్ల మీద పరిచి, మొదటి లైను కింద వేలు పెట్టింది. గుమ్మడి వడియాలు పెట్టడం గురించి. మాట్లాడేటప్పుడు అక్క యాస అక్కది, చదివేటప్పుడు మాత్రం అది మా గోదావరి సాగదీత. నేను ఊపిరి తీసుకునే చోటే తీసుకుంటోంది. లైను చివర ఆగింది. తలెత్తి నా కోసం చూస్తుందనుకున్నాను. చూడలేదు. తనే మెల్లగా "ఊఁ" అనుకుని కింది లైనుకి వెళ్ళింది. అది మైకులో వినిపించింది. గొంతు సవరించుకుంటోందని అంతా అనుకున్నారు. ఆఖరికి నా "ఊఁ" కూడా తీసుకుపోయింది.

"వాళ్ళ అమ్మమ్మ ఎంత బాగా నేర్పిందో కదండీ," అంది పక్కావిడ.

"అవునండీ, చాలా గట్టి అమ్మమ్మ," అన్నాను.

ఓట్లకి ముందు టీ ఇచ్చారు. హైదరాబాదీ ఆవిడ కప్పు పట్టుకుని నా పక్కకొచ్చింది.

"మీ అక్క మంచిగ చదివింది," అంది. "గని లైను కింద వేలు పెట్టి చదివేటోళ్ళు పెద్దగయినంక నేర్చుకున్నోళ్ళమ్మా. మా అమ్మీకి తెలుగు నేనే నేర్పిన. ఆమె గూడ గట్లనే ఆగుకుంట చదువుతుండె."

నా కప్పు బల్ల మీద పెట్టేశాను. "మరి ఆ మాట మైకులో అనలేదేం?"

"ఎందుకు? పేపరోళ్ళు నాకు పెట్టిన ప్రశ్న గుర్తు నేను తీస్కపోయి ఆమెకు పెట్టాల్నా?" నవ్వింది. "నేర్పినోళ్ళెవరో గని, శానా ఓపికున్నోళ్ళు."

"ఎవరో మరి," అన్నాను. 

ఆవిడ నా వైపు చూసి టీ తాగేసి వెళ్ళిపోయింది. ఉద్యోగం, తెలుగు, మర్యాద, అన్నీ ఆవిడకే ఉన్నాయి. నాకు రావాల్సిన మెప్పు కూడా ఆవిడే ఇచ్చింది. న్యాయంగా చూస్తే ఓటు ఆవిడదే.

కానీ ఆవిడ గెలిస్తే గెలిచేది ఆవిడ తెలుగు. అక్క గెలిస్తే గెలిచేది నాది. అక్క పేరు పిలవగానే చెయ్యెత్తాను, లెక్కపెట్టేవాళ్ళు ఇక చాలు దించమనేదాకా దించలేదు. అక్క గెలిచింది. జనం చుట్టూ మూగారు. నేను లిఫ్టెక్కి ఇంటికొచ్చేశాను.

కొత్త పత్రిక వచ్చాక ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క తలుపు తట్టింది. లోపలికొచ్చి మా వంటింటి బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చుని, పత్రిక పరిచి, హెడ్డింగు కింద వేలు పెట్టింది.

"అమ్మమ్మ..." అని చదివి ఆగింది.

మిగతాది నాకు తలకిందులుగా కనిపిస్తూనే ఉంది, అమ్మమ్మ నేర్పిన అక్షరాలకు విజయం అని. ఎప్పుడూ లైను చివర ఆగే మనిషి మొదటి మాట దగ్గరే ఆగి నా మొహంలోకి చూస్తోంది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. నేను తల అడ్డంగా ఊపితే ఆ పత్రిక మడిచేసేలా ఉంది. నాకు కడుపులో మంట తగ్గలేదు, ఈరోజుకీ తగ్గలేదు.

"ఊఁ," అన్నాను.