వంజరంతో పెళ్లిచూపులు

1991 నాటికి తెనాలిలో నాకొక ఫొటో స్టూడియో ఉండేది. "వీడు పక్కవాళ్లని చూస్తూ నిలబడ్డానికి తప్ప ఎందుకూ పనికిరాడు" అని మా హెడ్మాస్టరు అంటే, ఆయన మాట నిలబెడదామని ఎనిమిదో తరగతిలోనే బడి మానేసి ఫొటోగ్రాఫర్నయ్యాను.

ఆ వేసవిలో రేపల్లె నుంచి కరుణ వచ్చింది. లేడీస్ టైలరు. మద్రాసులో ఒక దుస్తుల కంపెనీలో డిజైనర్ ఉద్యోగానికి, సొంతంగా కుట్టిన బట్టల ఫొటోలు పంపాలి. గడువు ఆ వారమే.

"సముద్రం అడుగున పెళ్లిచూపులు తీయాలన్నయ్యా."

"పెళ్లికొడుకెవరమ్మా?"

"వంజరం చేప. కోటు తొడిగి కుర్చీలో కూర్చోబెడదాం."

తమని తెల్లగా పడేలా తీయమని అడిగినవాళ్లే గానీ, ఇలా అడిగినవాళ్లు లేరు. అప్పుడే ఆ పిల్లకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

నీళ్లలోకి దిగే కెమెరా నాకెక్కడిది? అందుకని డబుల్ ఎక్స్‌పోజర్ అనుకున్నాం. అంటే ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీయడం. ముందు స్టూడియోలో చేపల తొట్టి వెనక నల్లగుడ్డ కట్టి బుడగలు తీశాను. ఆ రోల్ వెనక్కి చుట్టి, దాని మీదే బాపట్ల దగ్గర సూర్యలంకలో మనిషిని తీయాలి. ఆ రోల్ పాడైతే అంతా మళ్లీ మొదటికే.

పొద్దున్నే అలల అంచున రెండు కుర్చీలు, టీపాయ్ వేశాం. వంజరం చిన్నపిల్లల కోటులో, టై కట్టుకుని బుద్ధిగా కూర్చుంది. ఇక గౌను! సముద్రం రంగు సాటిన్ మీద వలదారాల అల్లిక, అంచంతా ఆల్చిప్పలు. అది చూస్తూ లైటు చూడడం మర్చిపోయాను.

మోడల్‌గా వస్తానన్న కాలేజీ అమ్మాయి మాత్రం రాలేదు. బస్సు వచ్చింది, పోయింది. ఎండ ముదురుతోంది.

"నువ్వే తొడుక్కోరాదూ?" అన్నాను.

"అల వచ్చినప్పుడల్లా గౌను సర్దేదెవరన్నయ్యా?" అంటూ కరుణ ఇసకలో కూలబడింది.

అప్పుడు వాళ్లమ్మ సంతోషమ్మ గారు లేచారు. మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. కూతురు మద్రాసు వెళ్లడమే ఆవిడకి ఇష్టం లేదు. ఒంటరిగా పంపకూడదని కాపలాకి వచ్చారంతే.

"నేను కూర్చుంటానే."

"నీకు పట్టదమ్మా! అది సన్నపిల్ల కొలత."

"కుట్టులో గుడ్డ వదల్లేదూ?"

వదిలింది. జాకెట్ కుట్టించుకునే మా ఆడవాళ్లు, ఒళ్లు చేస్తే విప్పుకోడానికి లోపల కాస్త గుడ్డ వదలమంటారు. మద్రాసు గౌనుకైనా కరుణ చెయ్యి ఆ అలవాటు మానలేదు. అక్కడే బ్లేడుతో కుట్లు విప్పి, సూదితో మళ్లీ బిగించింది.

టీచరు గారు కూర్చున్నారు. అల నడుందాకా వచ్చినా కదల్లేదు. లెక్క తప్పు చేసిన పిల్లాణ్ణి చూసినట్టు వంజరాన్ని చూశారు.

"నవ్వకమ్మా," అంది కరుణ.

"నేనెప్పుడు నవ్వానే?"

రోల్ కడిగితే, బుడగల మధ్య ఆవిడ సముద్రానికే హెడ్‌మిస్ట్రెస్‌లా ఉన్నారు. అంత ఠీవి నా కెమెరాలో మళ్లీ పడలేదు. కుర్చీలో ఎవరు అందంగా ఉంటారా అని కాక, ఆ ఫొటో రావాలని ఎవరికి గట్టిగా ఉందో చూడడం అప్పటి నుంచే నేర్చుకున్నాను.

మద్రాసు నుంచి పిలుపొచ్చింది. కూతుర్ని రైలెక్కించడానికి టీచరు గారే తెనాలి స్టేషన్‌కి వచ్చారు. నేను ఊరుకుంటానా?

"ఏంటి టీచర్ గారూ, పెళ్లికొడుకు నచ్చాడా?"

ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు.

"కుదురైనవాడయ్యా. అంతసేపు పక్కన కూర్చుని, నీలాగా ఒక్క పిచ్చిమాట మాట్లాడలేదు."