ముహూర్తానికి నొక్కిన ‘ఎస్’

రెండు వేల ఆరులో గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ని నడిపే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ ఒకటి మా దగ్గర ఉండేది. పిల్లలు మూడు నెలలు చేసిన ప్రాజెక్టులన్నీ ఆ లోపలి కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వచ్చింది. పాతదే చాలన్నాను. మా ఓనరుగారు వినలేదు. "పరీక్షకి ఎగ్జామినర్ వస్తున్నాడండీ, పాతది చూపిస్తే ఏం బాగుంటుంది?" అని ముహూర్తం పెట్టించారు.

పరీక్ష రోజు ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకి ముహూర్తం. మానిటర్‌కి బొట్టు పెట్టారు. కొత్త వెర్షన్ తెరవగానే తెర మీద పొడుగాటి ప్రశ్న ఒకటి వచ్చింది. ఓనరుగారు కొబ్బరికాయ ఎత్తి పట్టుకుని, "నొక్కండి మాస్టారూ, టైం దాటిపోతోంది!" అని అరిచారు. చదవకుండా ‘ఎస్’ నొక్కాను. కాయ చక్కగా రెండు చెక్కలైంది.

మా లోపలి కంప్యూటర్ కొత్త పద్ధతిలోకి మారింది. కొత్త వెర్షన్ బరువు మోయలేక బయటి కంప్యూటర్ బిగుసుకుపోయింది. పాత వెర్షన్‌తో తెరవబోతే, మారినదాన్ని తెరవలేనంది. ఆ పొడుగాటి ప్రశ్నలో రాసి ఉన్నది సరిగ్గా అదే: ఒకసారి మారిస్తే మళ్ళీ వెనక్కి రాదు, మార్చమంటారా అని. వేరే కాపీ లేదు. ఎగ్జామినర్‌గారికి మేము ప్రసాదం మాత్రం పెట్టగలిగాం.

రెండేళ్ళ తర్వాత నా పెళ్ళిలో, జీలకర్ర బెల్లం చేతిలో ఉండగా పంతులుగారు "కానివ్వు నాయనా, ముహూర్తం దాటిపోతోంది" అన్నారు. నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అందరూ సిగ్గనుకున్నారు.