క్యాలెండరమ్మ ఎడమ చెవి

బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే ఆ దుకాణంలో చీటీలు ఇచ్చేవారు గానీ, వాటిని ఎవరూ తిరిగి తెచ్చేవారు కాదు. కౌంటరు వెనక క్యాలెండరమ్మ ఉండగా చీటీ దండగ. ఆవిరికి అద్దాలు మసకబారిన ఆ ఇరుకు గదిలో, హ్యాంగర్ల మధ్య కూర్చుని, గుమ్మంలో మనిషి కనబడగానే చెప్పేసేది. "మీ నీలం కోటు. పోయిన నెల రెండో మంగళవారం ఇచ్చారు. కాలరు మీద మరక మీరు తెచ్చినప్పుడే ఉంది, మా మీద తోయకండి." ఆ పేరు బట్టలిచ్చేవాళ్ళే పెట్టారు. మొదట్లో వెక్కిరింతగా పిలిచారు, తర్వాత్తర్వాత భయంతో పిలిచారు.

భయం ఎందుకంటే, ఆమెకు గుర్తుండేవి ఒక్క మరకలే కాదు. ఆడపడుచు ఏ పెళ్ళిలో ఏ మాట తూలిందో, దుకాణంలో తోటి పనామె ఏ సెలవుకి ఏ అబద్ధం చెప్పిందో వారంతో సహా అప్పజెప్పేది. ఎదుటివాళ్ళు నీళ్ళు నములుతుంటే చూసి ఆనందించేది కూడా. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆమెకు ఊరితో పనిలేదు, తేదీ సరిగ్గా ఉంటే చాలు.

భర్త డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. వణికే చేతులతో స్టీరింగు పట్టుకున్నవాళ్ళ పక్కన కూర్చుని "ఏం పర్లేదు, నిదానంగా" అనడమే ఆయన ఉద్యోగం. ఆయన గొంతు పెంచగా బయట విన్నవాళ్ళు లేరు. ఒకసారి ఇంటికొచ్చిన స్నేహితుడితో, "ఆ రోజు జ్వరమొచ్చి పడుకున్నాన్రా, అందుకే మీ ఇంటికి రాలేకపోయా" అన్నాడు. ఈవిడ టీ అందిస్తూ, "ఆ రోజు మీరు సినిమాకెళ్ళారుగా, ఆదివారం, మ్యాట్నీ" అంది. ఆ మాట ఆమె మింగేయొచ్చు, మింగలేదు. స్నేహితుడు గడప దాటాక, వంటింట్లో గిన్నెలు కడిగే తొట్టి దగ్గర ఆయన చెయ్యి లేచింది. ఒకే ఒక్క దెబ్బ. ఆ ఎడమ చెవికి మళ్ళీ వినపడలేదు. బాత్రూంలో జారిపడ్డానని డాక్టరుకి చెప్పమన్నాడు. పరువు పోతుందని ఆమె అలాగే చెప్పింది.

అప్పుడు మూడేళ్ళ కూతురు పక్క గదిలో నిద్రపోతోంది. ఆ పిల్లకు ఊహ తెలిశాక తల్లి సంగతంతా చెప్పింది, తొట్టిలో ఏ గిన్నె ఉందో దాంతో సహా. ఆ రోజు నుంచి కూతురు తండ్రితో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆయనా కాదనలేదు. క్యాలెండరమ్మ చెప్పాక కాదనేవాడెవడు? కూతురు తనను నమ్మిందన్న ఒక్క ధైర్యంతోనే ఆమె ఆ ఇంట్లో రోజులు నెట్టుకొచ్చింది. చెవి పోతే పోయింది, న్యాయం దక్కింది అనుకునేది.

జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసే ఒక లెక్చరరమ్మ తన కోటు కోసం దుకాణానికి వచ్చి, ఈవిడ మాటలకు నోరెళ్ళబెట్టి, యూనివర్సిటీకి రమ్మని బతిమాలింది. కూతురు తోడు వెళ్ళింది. కిటికీ లేని చిన్న గది, బల్ల మీద రికార్డరు. ఏ తేదీ అడిగినా అది ఏ వారమో, ఆ రోజు వాన పడిందో లేదో చెప్పుకుపోయింది క్యాలెండరమ్మ. పాత పేపర్లతో సరిచూస్తే ఒక్క తప్పూ దొరకలేదు. కూతురు మురిసిపోయింది.

తర్వాత లెక్చరరమ్మ కొన్ని మాటలు చదివింది. మంచం, దిండు, దుప్పటి, ఆవలింత, కల, గురక, జోల. కాసేపు వేరే కబుర్లు చెప్పి అడిగింది.

"నేను చదివినవాటిలో 'నిద్ర' ఉందామ్మా?"

"ఎందుకు లేదు? ఆవలింత తర్వాత అన్నారు. అంటూ చిన్నగా నవ్వారు కూడా."

"ఖాయమేనా?"

"నాకు పనిచేసేది ఒక్క చెవే మేడం. కానీ బాగా పనిచేస్తుంది."

రికార్డు వేశారు. నిద్ర లేదు. ఆమె మళ్ళీ వేయించింది, ఆపైన ఇంకోసారి వేయించింది. ఎక్కడా లేదు.

"చాలామందికి ఇలాగే అవుతుందమ్మా," అంది లెక్చరరమ్మ. "మనసు దేన్నీ ఉన్నదున్నట్టు దాచదు. గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ కొంత తనే కల్పించుకుంటుంది. మీ తేదీలు అద్భుతం. ఈ విషయంలో మాత్రం మీరూ మాలాంటివారే."

పాపం, ఓదార్పుగానే చెప్పింది. ఏం కూలగొట్టిందో ఆవిడకు తెలియదు.

ఇంటికొచ్చి అన్నాల దగ్గర కూతురు ఇదంతా నవ్వుతూ చెప్పింది. తండ్రి ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు. "లేని మాట విందా? నవ్వు కూడా చూసిందా?" అని రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆ పూటకి ఇంకేమీ అనలేదు. తొందరపడే మనిషి కాదు.

వారం తిరక్కుండా మొదలైంది. "పొయ్యి కట్టేశాను" అని ఆమె అంటే, "కట్టేశావా, కట్టేశాననుకున్నావా?" అనేవాడు. చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాడు. వదిన నోటికి ఇన్నేళ్ళూ దడిసిన ఆ ఆడపడుచు ఊరంతా టముకు వేసింది. దుకాణంలో కస్టమర్లు, "ఈ మరక మేం తెచ్చినప్పుడు లేదమ్మా, మీకలా అనిపించిందేమో" అని ఇకిలించారు. చీటీ లేనిదే బట్టలివ్వబడవని యజమాని బోర్డు పెట్టాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. అందరూ తలా ఒక తన్ను తన్నారు.

అప్పుడు ఆయన కూతుర్ని పిలిచి కూర్చోబెట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నేను నోరెత్తలేదమ్మా. మీ అమ్మ గుర్తుందంటే ఇంకెవరు నమ్ముతారు నన్ను? ఆ రోజు తను జారిపడింది. డాక్టరుకి తన నోటితోనే చెప్పింది. కావాలంటే అడుగు."

కూతురు అడిగింది.

"చెప్పాను. ఆయన చెప్పమంటేనే చెప్పాను!"

"ఆయన చెప్పమన్నాడని నీకు గట్టిగా గుర్తుందా అమ్మా?"

ఆ పిల్ల గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయింది ఆమె. మర్నాడే యూనివర్సిటీకి పరిగెత్తి, తన జ్ఞాపకం నిజమని కూతురికి ఒక్క మాట చెప్పమని లెక్చరరమ్మ చేతులు పట్టుకుంది.

"అది జరగలేదని నేననను, జరిగిందనీ అనలేను," అంది ఆవిడ ఇబ్బందిగా. "మీరెంత గట్టిగా నమ్మినా, మీ నమ్మకం సాక్ష్యం కాదమ్మా."

నెల తిరిగేసరికి కూతురు తండ్రి దగ్గర కారు నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటికొచ్చేవారు. ఆ నవ్వులు వింటూ క్యాలెండరమ్మ తొట్టి ముందు నిలబడి, నిజంగానే జారిపడ్డానా అని ఆలోచించేది. బాత్రూం గచ్చు కూడా కళ్ళకు కట్టడం మొదలైంది. ఆమె హడలిపోయింది.

ఒక సాయంత్రం కూతురు గదిలో ఉండగా, ఆయన వంటింట్లోకి మంచినీళ్ళకి వచ్చాడు.

"ఏవండీ, పిల్ల ఇక్కడ లేదు. నా ఒక్కదానికే చెప్పండి. ఆ రోజు కొట్టారా, లేదా? నాకు పిచ్చెక్కేలా ఉంది."

ఆయన నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు. బాగా వినపడేలా ఆమె కుడి పక్కకి వచ్చాడు.

"కొట్టాను. వెళ్ళి చెప్పుకో."

అంత నిదానంగా, అంత మెత్తగా అన్నాడు. ఆమెకు కోపం రాలేదు, ప్రాణం లేచొచ్చింది. తడి చేతులతోనే కూతురి గదిలోకి పరిగెత్తింది.

"ఒప్పుకున్నాడే! ఇప్పుడే, వంటింట్లో! కొట్టానని తన నోటితో అన్నాడు!"

కూతురు కసురుకున్నా బాగుండేది. తువ్వాలు తీసి, తల్లి చేతులు నెమ్మదిగా తుడిచి, మంచం మీద కూర్చోబెట్టింది.

"ఏమైందమ్మా?" అని హాల్లోంచి తండ్రి కేకేశాడు.

"ఏం లేదు నాన్నా," అంది కూతురు. "అమ్మకి మళ్ళీ ఏదో గుర్తొచ్చింది."